పీటీఓ షాఫ్ట్ తగిలింపు: నాలుగు ఇబ్బందులు, ఆరు దారులు

పీటీఓ షాఫ్ట్ అంటే ట్రాక్టరు ఇంజను శక్తిని వెనక తగిలించిన పనిముట్టుకు అందించే తిరుగుడు కడ్డీ. ట్రాక్టరు వెనక, పనిముట్టును పట్టుకునే మూడు లింకుల్లో పైదైన టాప్ లింకుకు దిగువన, చుట్టూ పళ్ళు కోసిన ఇరుసు మొన ఒకటి బయటికి ఉంటుంది. రోటావేటరు, స్ప్రేయరు పంపు, కంప్రెసరు, నూర్పిడి యంత్రం వంటివాటి ముందువైపు అలాంటిదే మరో మొన ఉంటుంది. ఈ రెండు మొనలనూ కలిపే షాఫ్టులో ఒకదానిలో ఒకటి జారే రెండు కడ్డీలు లేదా గొట్టాలు, రెండు కొసలా క్రాస్ జాయింట్లు, వాటికి లోపల పళ్ళున్న యోకులు, యోకు ఊడిరాకుండా పట్టుకునే లాకు, వీటన్నిటి మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి.

కాగితం మీద ఈ పని ఒక్క వాక్యంలో అయిపోతుంది: యోకును మొన మీదికి జరిపి, లాకు పడేదాకా తోయాలి. చేలో మాత్రం కింది లింకులు, టాప్ లింకు తగిలించిన దానికంటే ఈ ఒక్క అడుగే ఎక్కువ సతాయిస్తుంది. దీన్ని తేలిక చేయడానికి వందేళ్ళుగా రకరకాల ప్రయత్నాలు జరిగాయి. డ్రైవరుకు పని నేర్పితే చాలని కొందరంటారు. లాకు మార్చాలని కొందరు, ట్రాక్టరు వెనక భాగమే మార్చాలని కొందరు, అసలు షాఫ్టే లేకుండా చూడాలని మరికొందరు అంటారు. ‘తగిలించడం కష్టం’ అనే మాట కింద నిజానికి నాలుగు వేర్వేరు ఇబ్బందులు దాగి ఉన్నాయి. ప్రతి వర్గమూ వాటిలో ఒకటో రెండో తీర్చి, మొత్తం సమస్య తీరిందని చెబుతుంది. చర్చ చిక్కుపడింది ఇక్కడే.

సోమల పరిసరాల్లో దీని ప్రాముఖ్యం

ఆంధ్రప్రదేశ్‌లోని సోమల, సదుం, చౌడేపల్లె, పుంగనూరు వైపు నేలలు చాలావరకు ఎర్రనేలలు. గుట్టల మధ్య చిన్న చిన్న కమతాలు. టమోటా, వేరుశనగ, మామిడి, చెరకు ఇక్కడి ప్రధాన పంటలు. పలమనేరు, కుప్పం వైపు మల్బరీ తోటలు ఎక్కువ. పాడి లేని ఊరు అరుదు. ఈ పంటల కలగలుపు వల్ల ఒకే ట్రాక్టరుకు చాలా రకాల పనులు పడతాయి. టమోటా నాటేముందు రోటావేటరుతో దుక్కి మెత్తచేయాలి. కాయ కోతకొచ్చాక ట్రైలరు తగిలించి మదనపల్లె మార్కెట్టుకు తోలాలి. మామిడి పూత మీద పవర్ స్ప్రేయరు కావాలి. వేరుశనగ పీకాక కాయలు వేరుచేసే యంత్రం నడపాలి. రాతినేలలో బావి లోతు చేయాలంటే ట్రాక్టరు కంప్రెసరు రావాలి.

వీటిలో ట్రైలరుకు, మడకకు, గుంటకకు పీటీఓ అక్కర్లేదు. మిగతావాటికి అది లేనిదే పని జరగదు. కాబట్టి పని మారిన ప్రతిసారీ షాఫ్ట్ విప్పాలి, మళ్ళీ ఎక్కించాలి. వందల ఎకరాల్లో ఒకే పనిముట్టుతో రోజంతా నడిచే ట్రాక్టరుకు ఈ బాధ తక్కువ. అరెకరా, ఎకరా చేలల్లో బాడుగకు తిరిగే ట్రాక్టరుకు ఎక్కువ.

యాజమాన్యం తీరు కూడా సమస్యను పెంచుతుంది. ట్రాక్టరు ఒకరిది, రోటావేటరు ఇంకొకరిది కావడం మామూలే. పనిముట్లు గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచి వస్తాయి, కోయంబత్తూరు నుంచి వస్తాయి. సరిహద్దు దాటితే కోలారు, కృష్ణగిరి జిల్లాలే కాబట్టి అక్కడి పాత సామాను కూడా ఇటు చేరుతుంది. ఒక ట్రాక్టరుకు సరిపోయేలా కోసిన షాఫ్ట్ మరో ట్రాక్టరుకు పొడవో పొట్టో అవుతుంది. 2014-15లో కేంద్రం మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద యంత్రాలను బాడుగకిచ్చే కేంద్రాలకు ఊతం దొరికింది. దాంతో ఒకే పనిముట్టును పలు ట్రాక్టర్లు, పలువురు డ్రైవర్లు వాడటం పెరిగింది. అలవాటు లేని చేతులకు అలవాటు లేని షాఫ్ట్ తగలడం కూడా పెరిగింది.

వందేళ్ళ చరిత్ర

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో ఫ్రాన్సులో ఆల్బెర్ గూజీ అనే ఇంజనీరు ట్రాక్టరు ఇంజను శక్తితో కోత యంత్రాన్ని నడిపి చూపించాడు. అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1918లో తన 8-16 ట్రాక్టరుకు పీటీఓ అమర్చి అమ్మకానికి పెట్టింది. తొలి రోజుల్లో ఏ కంపెనీ మొన ఆ కంపెనీదే. ఒకరి పనిముట్టు మరొకరి ట్రాక్టరుకు ఎక్కేది కాదు. 1920ల నడుమ అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం మొన కొలతకు, వేగానికి ప్రమాణం పెట్టింది. అప్పట్లో నిమిషానికి 536గా రాసిన వేగమే తర్వాత 540గా స్థిరపడింది. పెద్ద ట్రాక్టర్లు వచ్చాక, 1950ల చివర్లో, నిమిషానికి 1000 చుట్ల ప్రమాణం తోడైంది.

మరోవైపు హారీ ఫెర్గుసన్ మూడు లింకుల పద్ధతి 1930ల్లో రంగంలోకి వచ్చింది. 1939 నాటి ఫోర్డ్-ఫెర్గుసన్ ట్రాక్టరుతో అది ప్రపంచమంతా పాకింది. పనిముట్టును ఒక్కడే నిమిషాల్లో తగిలించగలగడం దాని పెద్ద ఆకర్షణ. ఆ మూడు లింకులకూ వచ్చిన సులువు నాలుగోదైన షాఫ్టుకు మాత్రం రాలేదు. అది చేత్తో ఎత్తి, చేత్తో తిప్పి, చేత్తో తోసే పనిగానే మిగిలింది. 1940ల చివర్లో కెనడా కంపెనీ కాక్‌షట్ తెచ్చిన ‘లైవ్’ పీటీఓ వల్ల ట్రాక్టరు ఆగినా పనిముట్టు తిరుగుతూ ఉండే వీలు దొరికింది. నడపడం సుఖమైంది, తగిలించడం మారలేదు.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 500, మన భారతీయ ప్రమాణం ఐఎస్ 4931 కలిసి వెనక పీటీఓ రూపురేఖలను ఖాయం చేశాయి. మన ప్రాంతంలో కనిపించేది దాదాపు ఎప్పుడూ ఒకటో రకమే: 35 మిల్లీమీటర్ల వ్యాసం, ఆరు పళ్ళు, నిమిషానికి 540 చుట్లు. ట్రాక్టరు వెనక నిలబడి ముందుకు చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలోనే అది తిరగాలి. రెండో రకానికి అదే వ్యాసంలో 21 పళ్ళు ఉంటాయి. మూడో రకం 45 మిల్లీమీటర్లు, 20 పళ్ళు. మొన చుట్టూ లాకు కూర్చునే గాడి కూడా ప్రమాణంలో భాగమే. ఆ గాడిలో కూర్చునే లాకు మాత్రం ఏ తీరుదైనా కావచ్చు. షాఫ్టును మొన దాకా ఎవరు మోయాలి, ఎలా తిప్పాలి అన్నది మనిషికే వదిలేశారు.

మన దేశంలో ఐషర్ 1959లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. 1960లో చెన్నైలో టాఫే, 1963లో మహీంద్రా సంస్థలు ఈ రంగంలోకి వచ్చాయి. అప్పటి ట్రాక్టరుకు ముఖ్యమైన పనులు దున్నడం, బరువులు లాగడం. ఆస్ట్రేలియాలో క్లిఫర్డ్ హోవర్డ్ 1912 నుంచీ ప్రయోగాలు చేసి రూపొందించిన రోటావేటరు మన చిన్న రైతు దాకా రావడానికి చాలాకాలం పట్టింది. గత రెండు మూడు దశాబ్దాల్లో అది ఊరూరా చేరాకే షాఫ్ట్ తగిలింపు రోజువారీ పనిగా మారింది.

ఇబ్బందులు నాలుగు

మొదటిది బరువు. నలభై, యాభై హార్స్‌పవర్ ట్రాక్టరు రోటావేటరుకు వాడే షాఫ్ట్ తొడుగుతో కలిపి పది కిలోలు దాటుతుంది. ఎత్తడానికి అది పెద్ద బరువేమీ కాదు. కానీ నడుము వంచి, చేతులు ముందుకు చాచి, లింకుల మధ్య దూరి, గాలిలో నిలబెట్టి పట్టుకోవాలి. పైగా అది రెండు ముక్కలు. ఒక చెయ్యి వదిలితే ముక్క జారి కిందపడుతుంది. కిందపడిన గొట్టంలోకి మట్టి చేరితే తర్వాత అది జారదు.

రెండోది పళ్ళ పొంతన. ఆరు పళ్ళ మొన మీద యోకు 60 డిగ్రీలకొకసారి మాత్రమే కూర్చుంటుంది. అంటే ఎటో ఒకవైపు 30 డిగ్రీల దాకా తిప్పుకోవాల్సి రావచ్చు. 21 పళ్ళ మొనకైతే తొమ్మిది డిగ్రీల లోపు సరిపోతుంది. రోటావేటరు వైపు యోకు ముందే బిగించి ఉంటే, ట్రాక్టరు వైపు యోకు తిరగాలంటే రోటావేటరు గేర్‌బాక్సు తిరగాలి. కత్తులు నేలలో దిగి ఉంటే అది కదలదు. ట్రాక్టరు మొననే తిప్పుదామంటే పీటీఓ లివరు గేరులో ఉన్నప్పుడు అదీ కదలదు. ఇంజను ఆపి, లివరు న్యూట్రల్‌లో పెడితే చాలా ట్రాక్టర్లలో మొన చేత్తోనే తిరుగుతుంది. కానీ బ్రేకు ఉన్న పీటీఓలు కొన్ని అప్పుడు కూడా బిగిసే ఉంటాయి. పొంతన కుదరక సుత్తి ఎత్తితే పళ్ళ అంచు చిట్లి, గరుకుదేలుతుంది. ఆ గరుకు వల్ల మరుసటిసారి ఇంకా బలంగా కొట్టాల్సి వస్తుంది.

మూడోది లాకు. బాగా వాడుకలో ఉన్నది స్ప్రింగు మీద నిలిచే నొక్కుడు పిన్ను. బొటనవేలితో పిన్ను నొక్కి ఉంచుతూ, అదే చేత్తో యోకును పట్టుకొని, రెండో చేత్తో షాఫ్టును ఎత్తి ముందుకు తోయాలి. పిన్ను కొత్తగా ఉన్నంతకాలం ఇది సాధ్యమే. గ్రీజులో ఎర్రమట్టి కలిసి, ఎండకు గట్టిపడి, పిన్ను బిగుసుకుపోయాక ఆ పనికి మూడో చెయ్యి కావాలి. గాడిలో పిన్ను పూర్తిగా పడిందో లేదో కంటికి కనబడదు. యోకును వెనక్కి గట్టిగా లాగి చూడటమే పరీక్ష.

నాలుగోది జాగా, పొడవు. పైన టాప్ లింకు, రెండు పక్కలా కింది లింకులు, కింద డ్రాబారు, మొన మీద రేకు కప్పు. వీటి మధ్య మిగిలిన ఇరుకులో రెండు చేతులూ పనిచేయాలి. షాఫ్ట్ పొడవు ఎక్కువైతే పూర్తిగా ముడిచినా మధ్యలో పట్టదు. బలవంతంగా ఎక్కించినా, పనిముట్టు లేచి దిగేటప్పుడు కడ్డీ అడుగు తగిలి ట్రాక్టరు బేరింగులనూ, రోటావేటరు గేర్‌బాక్సునూ నెట్టేస్తుంది. పొట్టిదైతే పని మధ్యలో రెండు ముక్కలూ విడిపోయే ప్రమాదం ఉంది. పనిచేసే స్థితిలో రెండు కడ్డీలూ కనీసం మూడో వంతు పొడవు ఒకదానిలో ఒకటి ఉండాలని, అతి దగ్గరైన స్థితిలో కూడా రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగలాలని తయారీదారుల సూచన. పలు ట్రాక్టర్లకు తిరిగే షాఫ్ట్ ఈ రెండు షరతులూ అన్నిచోట్లా తీర్చడం కష్టం.

మొదటి దారి: పని నేర్పడం

పరికరంలో లోపం లేదు, వాడే తీరులోనే ఉందన్నది ఈ వర్గం మాట. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ, మధ్యప్రదేశ్ బుద్నీలోని కేంద్ర సంస్థ వంటివి నేర్పే క్రమశిక్షణ ఈ కోవలోకి వస్తుంది. ట్రాక్టరును చదును నేల మీద, పనిముట్టుకు తిన్నగా వెనక్కి తేవాలి. ఎడమ కింది లింకు, కుడి కింది లింకు, టాప్ లింకు, ఆ తర్వాత షాఫ్ట్. విప్పేటప్పుడు షాఫ్టే మొదట. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, లివరు న్యూట్రల్‌లో పెట్టాకే మొన ముట్టుకోవాలి. మొన పళ్ళను గుడ్డతో తుడిచి, పల్చగా గ్రీజు రాయాలి. యోకు మీదా మొన మీదా కలిసే పన్నుకు రంగు గుర్తు పెట్టుకుంటే తడుములాట తప్పుతుంది. రెండు ముక్కలూ విడిపోతే, లోపలి యోకులు రెండూ ఒకే వరుసలో ఉండేలా మళ్ళీ కలపాలి. లేకపోతే షాఫ్ట్ అదురుతుంది, క్రాసులు త్వరగా పోతాయి.

ఈ దారికి ఖర్చు దాదాపు లేదు. రెండో ఇబ్బంది, మూడో ఇబ్బంది దీనితో కొంతవరకు తగ్గుతాయి. బరువు, ఇరుకు మాత్రం ఎంత నేర్చినా తగ్గవు. బాడుగ బండి మీద గంటల లెక్కన పనిచేసే డ్రైవరు ఈ క్రమమంతా ప్రతిసారీ పాటిస్తాడనుకోవడం కూడా కష్టమే.

ఈ వర్గంలోనే చిన్న భేదాభిప్రాయం ఒకటుంది. టాప్ లింకు కంటే ముందే షాఫ్ట్ ఎక్కిస్తే చేతులకు జాగా దొరుకుతుందని కొందరంటారు. టాప్ లింకు లేకుండా పనిముట్టు ముందుకో వెనక్కో ఒరిగి ఉంటుంది కాబట్టి మొనల ఎత్తు కుదరదని, ఒరిగే పనిముట్టు ముందు మనిషి ఉండకూడదని మిగతావారంటారు. భద్రత వైపు నుంచి చూస్తే రెండో మాటకే బలం ఎక్కువ.

రెండో దారి: లాకు మార్చడం

నొక్కుడు పిన్ను బదులు వెనక్కి లాగే కాలరు వచ్చింది. కాలరు లాగితే లోపలి గుండ్లు పక్కకు తప్పుకుంటాయి, వదిలితే గాడిలో పడతాయి. బొటనవేలి బలంతో పని లేదు, కాలరును ఎటువైపు నుంచైనా పట్టుకోవచ్చు. దీనికి తర్వాతి మెట్టు తనంతట పడే కాలరు. ఒకసారి వెనక్కి లాగితే అది తెరిచే ఉంటుంది. యోకు మొన మీదికి జరిగి గాడి చేరగానే దానంతటదే మూసుకుంటుంది. అంతవరకు రెండు చేతులూ బరువు పట్టుకోవడానికే ఖాళీగా ఉంటాయి. జర్మనీ కంపెనీ వాల్టర్‌షీడ్, ఇటలీ కంపెనీ బొండియోలి ఎ పవేసి వంటి షాఫ్ట్ తయారీదారులు ఈ రకాలను చాలాకాలంగా ఇస్తున్నారు.

ఈ దారికున్న పెద్ద బలం పాతదానితో పొత్తు. ప్రమాణ గాడి ఉన్న ఏ మొనకైనా కాలరు యోకు ఎక్కుతుంది. ట్రాక్టరును గానీ పనిముట్టును గానీ ముట్టుకోనక్కర్లేదు. దీని పరిధి ప్రధానంగా లాకు వరకే. పొంతన, పొడవు అలాగే ఉంటాయి. గుండ్ల మధ్య సన్నటి దుమ్ము చేరితే కాలరు కూడా పిన్నులాగే బిగుస్తుంది.

మూడో దారి: బరువుకు ఊత

షాఫ్టును పనిముట్టుకే వదిలేసి, ట్రాక్టరు వైపు కొసను ఒక కొక్కెం మీదో, గొలుసుతోనో, మడత స్టాండు మీదో మొన ఎత్తులో నిలబెట్టడం ఈ దారి. ట్రాక్టరు వెనక్కి వచ్చేసరికి యోకు నేల మీద పడి ఉండదు. డ్రైవరు దాన్ని మొన వైపు జరిపితే చాలు. గొట్టంలోకి మట్టి పోదు, తొడుగు పగలదు. ఊళ్ళో వెల్డింగు షాపులో చేయించుకోగలిగిన మార్పు ఇదొక్కటే. అయితే తొడుగు గొలుసును ఇందుకు వాడకూడదు. తొడుగు షాఫ్టుతో పాటు తిరగకుండా ఆపడం వరకే ఆ గొలుసు పని. బరువు వేలాడదీస్తే అది తెగి, తొడుగు తిరగడం మొదలవుతుంది.

నాలుగో దారి: మధ్యలో అడాప్టరు

ట్రాక్టరు మొన మీద ఒక ముక్క శాశ్వతంగా బిగించి ఉంచడం, ప్రతి పనిముట్టు షాఫ్టుకూ దానికి జత ముక్క బిగించడం ఈ పద్ధతి. ఆ రెండు ముక్కల ముఖాలూ పళ్ళ కంటే వెడల్పైన, ఏటవాలు అంచుల ఆకారంలో ఉంటాయి. కాస్త అటూ ఇటూ ఉన్నా అవే సర్దుకొని కలుస్తాయి. ఉత్తర అమెరికాలో చిన్న ట్రాక్టర్ల యజమానులకు ఇలాంటివి అమ్ముతారు. పొంతన సమస్యకు నేరుగా జవాబిచ్చే చవకైన దారి ఇదే.

విమర్శలు రెండు. అడాప్టరు ఎంత పొడవుంటే మొదటి క్రాస్ జాయింటు అంత వెనక్కి జరుగుతుంది. దాంతో షాఫ్టును కోసి పొట్టి చేయాల్సి రావచ్చు, పనిముట్టు ఎత్తినప్పుడు పడే కోణమూ మారుతుంది, మొన బేరింగు మీద వంపు భారం పెరుగుతుంది. రెండోది, ప్రతి పనిముట్టుకూ జత ముక్క ఉండాలి. సొంత సామాను ఉన్న రైతుకు అది కుదురుతుంది. ఊరందరి రోటావేటర్లకూ తిరిగే ట్రాక్టరుకు కుదరదు.

ఐదో దారి: అన్నీ ఒకేసారి కలిపే చట్రం

ట్రాక్టరు మూడు లింకులకూ ఒక చట్రం బిగించి, దానితో పనిముట్టును కింది నుంచి ఎత్తుకోవడం ఈ పద్ధతి. ఇలాంటి చట్రాలకు ఐఎస్ఓ 11001 ప్రమాణం ఉంది. ఐరోపాలో త్రికోణాకారపు చట్రం, అమెరికాలో తిరగేసిన ‘యు’ ఆకారపు చట్రం వాడుకలో ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం లింకుల వరకే కలుపుతాయి, షాఫ్ట్ మళ్ళీ చేతిపనే.

షాఫ్టును కూడా దానంతటదే కలిపే పద్ధతిని విస్తృతంగా నిలబెట్టింది జపాన్. అక్కడివీ చిన్న కమతాలే, ట్రాక్టర్లూ చిన్నవే. వరిమడిలో రోటరీ, దమ్ము యంత్రం తరచూ మార్చుకోవాలి. అక్కడి వ్యవసాయ యంత్ర తయారీదారుల సంఘం ఆటో హిచ్‌కు ప్రమాణ కొలతలు పెట్టింది. షాఫ్ట్ ట్రాక్టరు వైపు చట్రంలోనే ఊత మీద నిలిచి ఉంటుంది. డ్రైవరు సీటులో కూర్చునే వెనక్కి వచ్చి, చట్రం ఎత్తితే పైకొక్కెం మొదట పడుతుంది, తర్వాత కింది కొక్కేలు, వాటితో పాటే షాఫ్ట్ పళ్ళూ కూర్చుంటాయి. షాఫ్టుతో సహా కలిపేదాన్ని నాలుగు బిందువుల సెట్టు అని, షాఫ్ట్ చేత్తో ఎక్కించుకునేదాన్ని మూడు బిందువుల సెట్టు అని అక్కడ విడిగా అమ్ముతారు.

షాఫ్టును ఉంచుకుంటూనే నాలుగు ఇబ్బందులనూ ఒకేసారి తీర్చేది ఈ దారే. షాఫ్ట్ పొడవు కూడా ట్రాక్టరుకూ చట్రానికీ మధ్య ఒక్కసారే ఖాయమవుతుంది. కాకపోతే చట్రం సొంత బరువు చిన్న ట్రాక్టరు లిఫ్టు మీద పడుతుంది, పనిముట్టు మరికాస్త వెనక్కి జరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ట్రాక్టర్ల కంపెనీలూ పనిముట్ల కంపెనీలూ ఒకే కొలతకు ఒప్పుకోవాలి. జపాన్‌లో సంఘం ద్వారా ఆ ఒప్పందం కుదిరింది. మన దగ్గర రోటావేటర్లు పెద్ద కంపెనీల నుంచి ఊరి వర్క్‌షాపుల దాకా ఎందరో తయారుచేస్తారు. అంతమందిని ఒక కొలతకు తేవడం సులభం కాదు.

ఆరో దారి: తప్పించుకోవడం

తగిలించే అవసరమే లేకుండా చేయడం ఈ దారి. ఇందులో చవకది, ఖరీదైనది రెండూ ఉన్నాయి. చవక పద్ధతి సీజను పొడవునా రోటావేటరు విప్పకుండా ఒక ట్రాక్టరును దానికే కేటాయించడం. రెండు ట్రాక్టర్లున్నవారు ఒకదాన్ని దుక్కికీ మరొకదాన్ని ట్రైలరుకూ వాడటం అందరూ చూసేదే. ఒకే బండి ఉన్నవాడికి ఇది అందదు.

ఖరీదైన పద్ధతి షాఫ్ట్ స్థానంలో హైడ్రాలిక్ మోటారో విద్యుత్ మోటారో పెట్టడం. గొట్టాలో తీగలో తగిలిస్తే చాలు, పొంతన, పొడవు, కోణం అన్న మాటలే ఉండవు. తక్కువ శక్తి కావాల్సిన పంపులకు, ఫ్యాన్లకు ఇది నప్పుతుంది. రోటావేటరు వంటి బరువు పనికి మాత్రం చిన్న ట్రాక్టరు హైడ్రాలిక్ పంపు శక్తి చాలదు. షాఫ్ట్ కంటే హైడ్రాలిక్ మార్గంలో శక్తి నష్టం కూడా ఎక్కువ.

పోలిక ఒక్కచోట

| దారి | బరువు | పొంతన | లాకు | జాగా, పొడవు | మార్చాల్సింది |
|---|---|---|---|---|---|
| పని నేర్పడం | తీరదు | కొంత | కొంత | తీరదు | అలవాటు |
| కాలరు లాకు | కొంత | తీరదు | తీరుతుంది | తీరదు | యోకు |
| ఊత | తీరుతుంది | కొంత | తీరదు | తీరదు | పనిముట్టుకు చిన్న అతుకు |
| అడాప్టరు | తీరదు | తీరుతుంది | తీరుతుంది | పెరగవచ్చు | ట్రాక్టరు, ప్రతి షాఫ్ట్ |
| ఆటో హిచ్ | తీరుతుంది | తీరుతుంది | తీరుతుంది | తీరుతుంది | ట్రాక్టరు, ప్రతి పనిముట్టు |
| తప్పించుకోవడం | తీరుతుంది | తీరుతుంది | తీరుతుంది | తీరుతుంది | రెండో బండి లేదా కొత్త సాంకేతికత |

ఎన్ని ఇబ్బందులు తీరితే అంత ఎక్కువ సామాను మార్చాలన్నది ఈ పట్టికలో కనిపించే పోకడ. మొదటి మూడు దారులు ఒకదానికొకటి అడ్డం రావు. మూడూ కలిపి వాడితే బరువు, లాకు పూర్తిగా, పొంతన చాలావరకు తీరుతాయి. పొడవు ఒక్కటే మిగులుతుంది.

భద్రతతో ముడి

సులువుగా తగిలించడం సుఖం కోసమే తప్ప భద్రతతో దానికి సంబంధం లేదన్నది ఒక వాదన. ప్రమాదాలు షాఫ్ట్ తిరిగేటప్పుడు జరుగుతాయి, తగిలించేటప్పుడు కాదని దాని తర్కం. తిరిగే షాఫ్ట్ ఎంత ప్రమాదమో లెక్క చూస్తే తెలుస్తుంది. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. పది సెంటీమీటర్ల వ్యాసమున్న యోకు సెకనుకు రెండున్నర మీటర్లకు పైగా గుడ్డను చుట్టేసుకుంటుంది. నాలుగు గజాల పంచె మొత్తం పోవడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. కాలు వెళ్ళి క్లచ్ నొక్కేలోపే అంతా అయిపోతుంది.

రెండో వాదన ఆ ప్రమాదానికి మూలం తగిలింపు దగ్గరే ఉందంటుంది. తొడుగు చివరి గరాటు లాకును కప్పి ఉంటుంది కాబట్టి చెయ్యి దూరదు. దూరడం కోసం దాన్ని మొదట వెనక్కి విరుస్తారు, కొన్నాళ్ళకు కోసేస్తారు, చివరికి తొడుగే తీసేస్తారు. మొన మీది రేకు కప్పుదీ ఇదే గతి. బిగుసుకుపోయిన పిన్ను పీకేసి, ఆ రంధ్రంలో బోల్టో మేకో దూర్చి కొట్టడం మరో అలవాటు. నున్నటి యోకు కంటే బయటికి పొడుచుకొచ్చిన బోల్టు తల గుడ్డను వెంటనే పట్టేస్తుంది. పొంతన కుదరనప్పుడు ఒకరు యోకు పట్టుకొని ఉండగా మరొకరు ఇంజను తాకించి మొన కాస్త తిప్పడం అన్నిటికంటే ప్రమాదకరం. ఈ నాలుగు అలవాట్లూ తగిలింపు కష్టం నుంచే పుట్టాయి. కాబట్టి లాకు దగ్గర తెరిచి మూసే కిటికీ ఉన్న తొడుగు, కాలరు లాకు వంటివి భద్రతా పరికరాలే అన్నది ఈ వర్గం మాట. ప్రమాదం జరిగిన క్షణం వరకే చూసే మొదటి వాదన కంటే ఇది కారణాల దాకా వెళుతుంది.

చట్టం వైపు నుంచి చూస్తే, 1983 నాటి ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం నూర్పిడి యంత్రాల ప్రమాదాల నేపథ్యంలో వచ్చింది. దాని చూపు ప్రధానంగా ఆ యంత్రాల మీదే. ట్రాక్టరుకూ పనిముట్టుకూ మధ్య ఉండే షాఫ్ట్ ఇద్దరు తయారీదారుల నడుమ, ఇద్దరు యజమానుల నడుమ పడి ఉంటుంది. విరిగిన తొడుగును ఎవరు మార్చాలన్నది అందుకే ఎటూ తేలదు.

ఇంకా తేలని సంగతులు

కష్టమంతా తొలగించాలా అన్నది మొదటి ప్రశ్న. 540కి ఆరు పళ్ళు, 1000కి 21 పళ్ళు అని వేరుగా పెట్టడంలో ఉద్దేశం ఉంది. 540కి చేసిన పనిముట్టును పొరపాటున దాదాపు రెట్టింపు వేగంతో తిప్పకుండా ఆ తేడాయే కాపాడుతుంది. ఆరు పళ్ళను 21గా మార్చే అడాప్టర్లు ఆ రక్షణను తీసేస్తాయి. ఇప్పటి చిన్న ట్రాక్టర్లలో 540తో పాటు మరో వేగం కూడా అదే మొనకు ఇస్తుండటంతో ఈ ప్రశ్న మరింత ముఖ్యమైంది. ఏది అనవసరపు కష్టం, ఏది కావాలని పెట్టిన అడ్డు అన్నది పరికరం పరికరానికీ విడిగా తేల్చాలి.

ఖర్చు ఎవరిదన్నది రెండోది. ఆటో హిచ్ కొంటే ట్రాక్టరు యజమానికి సమయం కలిసొస్తుంది, కానీ రోటావేటరు యజమాని కూడా తన పనిముట్టును మార్చాలి. కాలరు యోకు కొనాల్సింది రోటావేటరు యజమాని, వేలు నలగకుండా బయటపడేది డ్రైవరు. లాభం, ఖర్చు ఒకే చేతిలో లేనిచోట మంచి పరికరం కూడా కదలదు. రాయితీ మీద యంత్రాలిచ్చే పథకాల్లో కాలరు లాకును, కిటికీ ఉన్న తొడుగును, షాఫ్ట్ ఊతను తప్పనిసరి చేయాలన్న సూచన ఈ ముడిని విప్పే దిశలోదే. పనిముట్టు ధర అందువల్ల పెరుగుతుందన్నది దానికి వచ్చే అభ్యంతరం.

మన్నిక మూడోది. నున్నటి కాంక్రీటు షెడ్లలో ఉండే యంత్రాల కోసం చేసిన గుండ్ల లాకులు, ఎర్రమట్టిలో ఎండావానకు బయటే ఉండే షాఫ్టుల మీద ఎన్ని సీజన్లు నిలుస్తాయన్నది కంపెనీ పత్రాలు చెప్పే విషయం కాదు. నొక్కుడు పిన్ను మొరటుదే, కానీ ఊరి మెకానిక్కు దాన్ని విప్పి స్ప్రింగు మార్చగలడు. కాలరును అలా బాగుచేయడానికి విడిభాగాలు మదనపల్లె, పుంగనూరు దుకాణాల్లో దొరికినప్పుడే దానికి నిజమైన చోటు.

కొలమానం నాలుగోది. పరీక్షా సంస్థలు యంత్రాల శక్తిని, ఇంధనం ఖర్చును అంకెల్లో చెబుతాయి. తగిలించడానికి ఎంత బలం, ఎన్ని నిమిషాలు, ఎన్ని చేతులు కావాలన్నది కూడా అలాగే అంకెల్లో చెప్పాలన్న వాదన ఉంది. భారతీయ వ్యవసాయ పరిశోధన మండలి పరిధిలో భోపాల్ కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ నుంచి నడిచే శ్రమ, భద్రత పరిశోధన మన వ్యవసాయ కార్మికుల శరీర కొలతలను, బలాలను సేకరించింది. లాకు నొక్కడానికి ఎంత బలం మించకూడదో నిర్ణయించడానికి ఆ సమాచారం పునాది కాగలదు. స్త్రీలు ట్రాక్టరు నడపడం, బాడుగ కేంద్రాలను స్వయం సహాయక సంఘాలు నిర్వహించడం పెరిగేకొద్దీ ఈ కొలమానం అవసరమూ పెరుగుతుంది.

సోమల వంటి ప్రాంతానికి ఏ దారి ముందన్నది ఈ నాలుగు ప్రశ్నల మీదే ఆధారపడుతుంది. ట్రాక్టరు, పనిముట్టు వేర్వేరు చేతుల్లో ఉన్నంతకాలం, ఇద్దరూ ఒకేసారి మారాల్సిన అడాప్టరు, ఆటో హిచ్ వెనకబడతాయి. ఒక్కరు మారితే సరిపోయే ఊత, కాలరు లాకు, కిటికీ తొడుగు ముందుకొస్తాయి. యంత్రాలన్నీ ఒకే యాజమాన్యంలో ఉన్న బాడుగ కేంద్రాల్లో మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆటో హిచ్ ఖర్చు, లాభం ఒకే ఖాతాలో పడతాయి కాబట్టి జపాన్ పద్ధతిని ముందుగా పరీక్షించదగిన చోటు అదే. షాఫ్ట్ పొడవు సమస్య మాత్రం ఆటో హిచ్ లేనిచోట ఏ పరికరం కొన్నా మిగిలే ఉంటుంది. ప్రతి ట్రాక్టరు, పనిముట్టు జతకూ పొడవు విడిగా కొలిచి చూసుకోవడమే ప్రస్తుతానికి దానికున్న మందు.